బండి వణుకు

మార్చి 3

ఈ రోజు కూడా సిగ్నల్ దగ్గర బండి వణికింది. మామూలు వణుకు కాదు. వెనక చూసుకునే అద్దంలో లారీ ఒకటి రెండుగా కనిపించింది. తలుపులో పెట్టిన నీళ్ల సీసా గలగలమంది. గేరు వేసి కదిలించబోతే ముందెక్కడో ధడ్‌మని దెబ్బ, లోపలి నుంచి ఎవరో తన్నినట్టు. పక్క సీట్లో చేప రెండు చేతులతో దవడ పట్టుకుని, "వదినా, నా పళ్లన్నీ ఉన్నాయో లేదో చూడు," అంది.

ఆయన చెల్లెలికి ఆ పేరు పెట్టింది నేనే. ఈతకొలనులో ఈత నేర్పుతుంది. ఇంట్లో ఎప్పుడు చూసినా జుట్టు తడిగానే ఉంటుంది. ఆయన ఉత్తరాన రాతి క్వారీలో పనికి వెళ్లినప్పటి నుంచి ఈ ఇంట్లో మేమిద్దరమే.

నెలాఖరుకి వస్తానన్నారు. స్టేషన్‌కి ఈ బండిలోనే వెళ్లి తీసుకురావాలి. ఇలా గజగజలాడే బండిలో ఆయన్ని ఎలా ఎక్కించను?

"షెడ్డుకి తీసుకెళ్దాం," అంది చేప. షెడ్డతను ఆయనకి స్నేహితుడు. కనిపించినప్పుడల్లా "ఎప్పుడొస్తున్నాడమ్మా మావాడు?" అంటాడు. నెలాఖరుకి అని చెప్పాను. కిందటిసారీ అదే చెప్పాను.

షెడ్డుకి తీసుకెళ్లను.

మార్చి 4

ఫోన్ చేశారు. బాగానే ఉన్నారట. "తిన్నావా?" అన్నారు. తిన్నానన్నాను. ఇంకా ఏమేం అన్నారో రాసుకుందామని కూర్చున్నాను. అంతే అన్నారు.

మార్చి 8, ఆదివారం

ఎదురింటి బాబాయి వచ్చాడు. జన్మలో కారు నడపలేదు గాని కార్ల గురించి ఆయనకు తెలియనిది లేదు. ముందు టైర్లన్నాడు. తర్వాత ప్లగ్గులన్నాడు. ఆ తర్వాత పెట్రోల్లో నీళ్లు కలిశాయన్నాడు. "అన్నీ ఒకేసారి మార్పించెయ్యమ్మా, ఏదో ఒకటి తగుల్తుంది," అని హాయిగా కాఫీ తాగి వెళ్లిపోయాడు.

బాబాయి వెళ్లాక మేమే చూశాం. బానెట్ ఎత్తి నేను పక్కకి నిలబడ్డాను. చేప లోపల కూర్చుని హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలు బ్రేకు మీద గట్టిగా తొక్కిపట్టి, మొదటి గేరు వేసి క్లచ్ కాస్త వదిలింది. ఇంజిన్ ఒక పక్కకి లేచింది, నిద్రలో ఒత్తిగిలిన మనిషిలా. క్లచ్ తొక్కగానే మళ్లీ ధబ్బున పడింది.

"చాలు, చాలు, ఆపు!" అని అరిచాను.

టార్చి వేసి చూస్తే సంగతి తెలిసింది. ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలుంటాయి, మౌంటింగులంటారు. ఇంజిన్ ఎంత వణికినా ఆ వణుకుని తామే మింగి మనదాకా రానివ్వకపోవడం వాటి పని. కుడివైపు ఒకటి, గేరుబాక్సు పక్కన ఒకటి, కింద ఒకటి. కుడివైపు దాని రబ్బరు ఇనుము నుంచి పూర్తిగా ఊడిపోయింది. వేలు దూరుతోంది అందులోకి.

నేను కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెడతాను. నా చేతికి తెలిసిన మర బియ్యపు గింజలో సగం ఉండదు. ఈ బోల్టులు చూస్తే కొండలకి కొట్టిన మేకుల్లా ఉన్నాయి. అయినా మర మరే. ఒకవైపు తిప్పితే వస్తుంది, ఒకవైపు తిప్పితే బిగుస్తుంది.

"మనమే మారుద్దాం," అన్నాను.

చేప నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరం లేదే," అంది.

మార్చి 12

సామాన్లు వచ్చాయి. కొత్త రబ్బరు వాసన ఇల్లంతా. జాకీ, స్టాండ్లు అటక మీదివే, ఆయనవే. పానాలు తుడిచి వరసగా పరిచాను. ఒక పానా పిడికి ఆయన గుడ్డపేలిక చుట్టి పెట్టుకున్నారు, జారకుండా. ముడి విప్పలేదు.

ఆయన కోసమని కాదు. బండి పాడైతే ఎవరైనా బాగుచేసుకుంటారు.

మార్చి 15, ఆదివారం

ఈ రోజు కింది మౌంటింగు.

వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టాం. బ్యాటరీ వైరు ఊడదీశాను. బోల్టులకి నిన్న సాయంత్రమే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాను. చేప తువ్వాలు పరిచి కిందికి దూరింది.

"వదినా, నేను ఊపిరి బిగబట్టి ఎంతసేపైనా ఉండగలను తెలుసా."

"అక్కడ నీళ్లు లేవే తల్లీ. ఊపిరి పీల్చుకో."

పీల్చుకుంది. పిడికెడు తుప్పు నోట్లో పడింది. బయటికొచ్చి ఉమ్మి, నన్ను నానా మాటలూ అని మళ్లీ దూరింది. బోల్టు కదల్లేదు. ఇద్దరం కలిసి పానా పట్టుకుని లాగాం. జారి నా వేలి కణుపులు చెక్కుకుపోయాయి. పానా పిడికి పైపు తొడిగి మళ్లీ లాగితే 'టక్' అంది. విరిగిందనుకుని ఇద్దరం బిగుసుకుపోయాం. విరగలేదు, కదిలింది! రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగి చూసేలా అరిచాం. బాబాయి పరిగెత్తుకొచ్చి, "నే చెప్పలా?" అన్నాడు.

ఆయనుంటే అరిచేవారు కాదు. ముందు వినమనేవారు. నాకు బండి నేర్పేటప్పుడు తాళం తిప్పి వెంటనే కదిలించనిచ్చేవారు కాదు. "ఉండు. ఇంజిన్ ఏమంటోందో విను." నేను చెవులు రిక్కించేదాన్ని. నాకు ఆయన ఊపిరే వినిపించేది. గేరు మీద నా చెయ్యి, నా చేతి మీద ఆయన చెయ్యి. మూడో గేరు ఎక్కడుందో నేర్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. నిజానికి మొదటిరోజే వచ్చేసింది.

వేళ్లు మండుతున్నాయి. రాయడం కష్టంగా ఉంది. అయినా ఇది రాయాలనిపించింది.

మార్చి 17

ఫోన్ చేశారు. మౌంటింగుల సంగతి చెప్పలేదు. వచ్చి తాళం తిప్పినప్పుడే తెలియాలి. ఏదో అడగబోతుంటే లైను పోయింది. అక్కడ గాలి ఎక్కువ.

మార్చి 18

ఫోన్ లేదు. గాలి.

మార్చి 22, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున గేరుబాక్సు వైపుది మార్చాం. తేలిగ్గానే అయిపోయింది. మధ్యాహ్నం కుడివైపు పెద్దది మొదలుపెట్టాం. అది తీస్తే ఆ పక్క ఇంజిన్‌కి ఆధారం ఉండదు. అందుకని ఇంజిన్ అడుగున చెక్క దిమ్మ పెట్టి, దాని కింద జాకీ పెట్టి, బరువంతా జాకీ మీదికి తీసుకున్నాం. పాత మౌంటింగు ఊడి నా చేతిలోకి వచ్చింది. రబ్బరు ఎండిన బురదలా పెళ్లలు పెళ్లలుగా రాలింది.

"ఆయన కూర్చోగానే కనిపెట్టేస్తారు చూడు," అన్నాను.

బండి కింద నుంచి చేప కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"స్టేషన్ నుంచి వచ్చేటప్పుడు నువ్వు వెనక కూర్చో. నోరు జారకు. ఆయనంతట ఆయనే కనుక్కోవాలి."

"వదినా."

"ఆ పొడుగు బోల్టు ఇటందుకో."

"వదినా, అన్నయ్య రాడు."

"నెలాఖరుకి..."

"నెలాఖరుకీ రాడు. పై నెలాఖరుకీ రాడు. అక్కడ ఇల్లు తీసుకున్నాడు. ఒక్కడే ఉండట్లేదు."

నేను అన్న మాట ఇది: "ముందు పైకి రా. జాకీ కింద ఉండకు."

వచ్చింది. ముఖమంతా తుప్పు, నల్ల నూనె. కళ్ల చివర్ల నుంచి మాత్రం రెండు చారలు తెల్లగా ఉన్నాయి. పడుకునే ఏడ్చినట్టుంది, చారలు చెవుల వైపు పోయాయి.

"ఎప్పట్నించి తెలుసు?"

"నేనే చెప్పుకుంటా, కొన్నాళ్లాగు అన్నాడు. ఆగాను. ఇంక నావల్ల కాలేదు వదినా. ఒక్కో బోల్టు బిగించినప్పుడల్లా ఆయన, ఆయన అంటుంటే ఎట్లా ఊరుకోను?"

"ఎవరావిడ?"

"క్వారీ కాంటీన్ చూసుకుంటుందట. నేను చూళ్లేదు."

దాన్ని కావలించుకోవాల్సింది. అది కూడా నాలాగే ఎవరూ లేకుండా నిలబడి ఉంది. నాకు నోరు పెగిలింది దేనికంటే, "మీ అన్నయ్య దగ్గరికే పో," అనడానికి. "ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారుగా. పో."

సంచి సర్దుకుని ఈతకొలను పక్కనున్న హాస్టల్‌కి వెళ్లిపోయింది. ఇంజిన్ జాకీ మీదే ఉంది.

మార్చి 23

చేప పొరబడింది. కాంటీనావిడ వంట చేసి పెడుతుండవచ్చు. ఇల్లు తీసుకున్నది నన్ను తీసుకెళ్లడానికే అయి ఉంటుంది. నాకు చెప్పకుండా అన్నీ అమర్చుకోవడం ఆయన అలవాటేగా. ఈ బండి కూడా చెప్పకుండానే తెచ్చి గుమ్మం ముందు ఆపారు.

మార్చి 24

నేనే ఫోన్ చేశాను. తియ్యలేదు. పనిలో ఉంటారు.

మార్చి 25

ఒకతనికి కుడి అద్దం ఎడమవైపు, ఎడమ అద్దం కుడివైపు బిగించి ఇచ్చాను. గుమ్మం దిగబోయి, "అమ్మా, మెట్లు ఊగుతున్నాయి," అన్నాడు పాపం.

ఇంట్లో ఎక్కడ చూసినా పొడి తువ్వాళ్లే.

మార్చి 28

వస్తున్నారు.

మంగళవారం వస్తున్నారు. ఆయనే ఫోన్ చేశారు. గాలి కూడా లేదు, గొంతు పక్కనే ఉన్నట్టు వినిపించింది. "మంగళవారం వస్తా. బండి కండిషన్‌లోనే ఉందా? ఇక్కడ అవసరం పడింది, తీసుకెళ్దామనుకుంటున్నా," అన్నారు.

"బాగుంది," అన్నాను.

వస్తున్నారు. బండి కోసమేనని అనుకోవడం ఎందుకు? బండి కోసమే అయితే ఎవరినైనా పంపొచ్చు కదా. నన్ను చూడాలని ఉండి, ఏదో ఒక వంక కావాలి కాబట్టి బండి అన్నారు. ఆయన సంగతి నాకు తెలియదా.

మార్చి 29, ఆదివారం

పొద్దున్నే మొదలుపెట్టాను. కొత్త మౌంటింగు స్థానంలో పెట్టి రెండు బోల్టులు చేత్తో పట్టించాను. మూడోదానికి రంధ్రం ఎదురు రాలేదు. జాకీ కొంచెం లేపితే రంధ్రం పైకి పోయింది. కొంచెం దించితే కిందికి పోయింది. పైకీ కిందికీ సరిపెట్టేసరికి పక్కకి జరిగింది. గునపం దూర్చి ఇంజిన్‌ని నెడితే వస్తుంది గాని, నెట్టే చెయ్యి ఒకటి, బోల్టు దూర్చే చెయ్యి ఒకటి కావాలి. చాలాసేపు ప్రయత్నించాను. గునపం భుజంతో ఆపి చెయ్యి చాచాను. అందలేదు. బండికి ఆనుకుని కింద కూర్చున్నాను. ఆయన్ని తలుచుకుని కాదు. అలసట.

వెనక చెప్పుల చప్పుడయింది. చేప. జుట్టు కారుతోంది. గునపం అందుకుని కాలు గోడకి తన్నిపెట్టి, ఒళ్లంతా వాల్చి నెట్టింది. నీళ్లలో మునిగినవాళ్లని ఒడ్డుకి లాగే భుజాలు దానివి. ఇంజిన్ కదిలింది. రంధ్రంలోంచి అవతల వెలుగు కనిపించింది.

"ఊఁ!" అంది.

బోల్టు జారి లోపలికి వెళ్లిపోయింది, తన ఇంటికి తాను వెళ్లినట్టు.

అన్నీ పట్టించాక జాకీ దించి, ఇంజిన్ సర్దుకున్నాక ఒక్కొక్కటీ బిగించాం. బ్యాటరీ వైరు తగిలించి తాళం తిప్పాను. డాష్‌బోర్డు మీద నీళ్లగ్లాసు పెట్టింది చేప. నీళ్లు కదల్లేదు.

"ఎందుకొచ్చావ్?" అన్నాను చివరికి.

"తువ్వాలు మర్చిపోయా."

తువ్వాలు దాని భుజం మీదే ఉంది. ఇద్దరం దాన్నే చూశాం. ముందు ఎవరు నవ్వామో గుర్తు లేదు. నవ్వుతూనే, "నువ్వు ఎక్కడికీ పోకే," అన్నాను. సంచి గేటు పక్కనే పెట్టి వచ్చిందట.

మార్చి 31

ఆయన వచ్చారు. వెళ్లారు.

స్టేషన్‌కి రావద్దన్నారు. మధ్యాహ్నం నడుచుకుంటూ వచ్చారు. కాస్త చిక్కారు. చొక్కా నేను కొన్నది కాదు. గేటు దగ్గర ఆగి, "బాగున్నావా?" అన్నారు, దూరపు చుట్టాన్ని అడిగినట్టు. నీళ్లిచ్చాను. ఆయన కుర్చీలోనే కూర్చున్నారు, కాని అంచు మీద. గ్లాసు ఎక్కడ పెట్టాలో వెతుక్కున్నారు. ఈ ఇంట్లో గ్లాసు ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు. నేనే అందుకున్నాను. చేప వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

"ఒకసారి నడిపి చూస్తా," అన్నారు. పక్కన కూర్చున్నాను.

తాళం తిప్పారు. ఒక క్షణం ఆగి మళ్లీ తిప్పారు. బండి కర్రుమని అరిచింది.

"ఆగిపోయిందనుకున్నా," అన్నారు.

"ఆగలేదు. నడుస్తోంది."

"ఏం చేయించావ్? షెడ్డులో ఇచ్చావా?"

"మౌంటింగులు మార్చాం. ఇంట్లోనే. నేనూ చేపా."

అప్పుడు నా చేతుల వైపు చూశారు. కణుపుల మీద చెక్కులు ఇంకా పూర్తిగా మానలేదు. చెయ్యి పట్టుకుని చూస్తారనుకున్నాను. గేరు వేశారు.

ఆటస్థలం పక్క రోడ్డు మీదుగా వెళ్లాం. బండిలో చప్పుడు లేదు. ఇద్దరం మాట్లాడకపోవడం అంత స్పష్టంగా ఎప్పుడూ వినిపించలేదు. గోడ పక్కన ఆపారు.

"చెల్లి చెప్పింది కదా," అన్నారు అద్దంలోంచి ముందుకే చూస్తూ.

"చెప్పింది. మీ నోటితో మీరు చెప్పండి."

చెప్పారు. తడబడుతూ చెప్పారు, దాచకుండా చెప్పారు. ఆవిడకి ఒక కొడుకున్నాడట. బడి దూరమట. ఆ రాళ్ల దారిలో బస్సు సరిగా రాదట. అందుకే బండి.

"ఆ పిల్లాడు మిమ్మల్ని ఏమని పిలుస్తాడు?"

అద్దం మీది దుమ్ము వేలితో తుడిచారు. "అంకుల్ అనే," అన్నారు.

ఇంకేమీ అడగలేదు. ఆయన చెయ్యి గేరు మీద ఉంది. నా చెయ్యి దానికి దగ్గరలోనే ఉంది. పెడితే తీసేసేవారు కాదు, నాకు తెలుసు. జాలితో ఉండనిచ్చేవారు. పెట్టలేదు.

"బండి నా పేరు మీదే ఉందిగా, రేపు పొద్దున్నే బయల్దేరితే..."

"ఇవ్వను," అన్నాను.

"ఏంటి?"

"బండి ఇవ్వనండీ. దీని కింద పడుకుని తుప్పు మింగాం మేమిద్దరం. మీరొస్తారని చేశాను. వచ్చారు. మీరు అడిగింది ఎప్పుడూ కాదన్లేదు, ఇది మాత్రం ఇవ్వలేను. పేరంటారా, మార్పించండి."

అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. స్టీరింగు మీద వేళ్లతో కాసేపు తట్టి, "సరేలే. ఉంచుకో," అన్నారు. అంత తేలిగ్గా. నన్ను వదులుకున్నప్పుడు కూడా ఇలాగే ఒక చోట కూర్చుని, సరేలే అనుకుని ఉంటారు.

తిరిగి వచ్చేటప్పుడు నేను నడిపాను. ఇంటి ముందు దిగాక చెల్లెలితో, "నువ్వూ నాతో వచ్చెయ్యరాదూ? అక్కడా ఈతకొలనుంది," అన్నారు.

"అక్కడికొచ్చి ఎవర్ని ఏమని పిలవాలి అన్నయ్యా?" అంది చేప. "నాకు ఇక్కడే బాగుంది."

దాని తల నిమిరారు. తడి అంటిన చేతిని చొక్కాకి తుడుచుకున్నారు, ఎప్పటిలాగే. ఆ ఒక్కటీ ఎప్పటిలాగే ఉంది.

"స్టేషన్‌లో దిగబెట్టనా?" అన్నాను.

"వద్దు. నడుస్తా."

గేటు దగ్గరే నిలబడ్డాను. మలుపు తిరిగేటప్పుడు సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంటున్నారు. లేకపోతే వెనక్కి చూసేవారే.

ఏప్రిల్ 2

ఫోన్ మోగితే చేతిలో అద్దం వదిలేసి పరిగెత్తాను. ఎవరో కళ్లజోడు తయారైందా అని.

ఏప్రిల్ 9

సాయంత్రం బండిలో కూర్చున్నాను. ఎక్కడికీ వెళ్లాలని కాదు. తాళం తిప్పి, ఊరికే. బాబాయి వచ్చి కిటికీలోంచి చెవి పెట్టి విని, "అసలు ఇంజిన్ ఉందా అమ్మా ఇందులో?" అన్నాడు.

వణుకున్నప్పుడే బాగుండేదేమో. అది పోగొట్టడానికి చెయ్యాల్సిన పనంటూ ఒకటుండేది.

ఏప్రిల్ 13

ఈ రోజు ఆయన రావాలని అనుకోలేదు. మధ్యాహ్నం దాకా.

ఏప్రిల్ 19, ఆదివారం

చేప నన్ను బలవంతాన ఈతకొలనుకి లాక్కెళ్లింది. ఆదివారం పొద్దున కొత్తగా నేర్చుకునేవాళ్లు వస్తారు. అందరూ నా నడుము ఎత్తు పిల్లలు. వాళ్ల మధ్య నేను, నెత్తిన రబ్బరు టోపీతో. ఒక బుడతడు నన్ను ఎగాదిగా చూసి, "మీకూ భయమా?" అన్నాడు. "చాలా," అన్నాను.

నీళ్లు చల్లగా ఉన్నాయి. వెల్లకిలా పడుకోమంది. మెడ బిగుసుకుపోయింది, కాళ్లు మునిగాయి, ముక్కులోకి నీళ్లు పోయి ఉక్కిరిబిక్కిరయ్యాను. "మళ్లీ," అంది. మళ్లీ మునిగాను. "మళ్లీ," అంది. ఇంట్లో ఎంత నవ్వించినా ఇక్కడ దయాదాక్షిణ్యం లేని మనిషి.

ఎన్నోసారికో తేలాను. చెవులు నీళ్లలో ఉన్నాయి, లోకం ఎక్కడో దూరంగా గొణుగుతోంది. కళ్లు మూసుకున్నాను. ఆయన గుర్తొచ్చారు. మామూలుగా అయితే లేచి ఏదో ఒక పనిలో పడేదాన్ని. ఇక్కడ లేస్తే మునుగుతాను. అందుకని అలాగే ఉన్నాను. గుర్తొచ్చినంతసేపు రానిచ్చాను. గేరు మీద చెయ్యి వచ్చింది. చొక్కా వచ్చింది. నీళ్లగ్లాసు పట్టుకుని వెతుక్కోవడం వచ్చింది. ఇంకా కావాలనే ఉంది నాకు ఆ మనిషి. ఉండనీ.

కళ్లు తెరిచేసరికి గట్టు మీద ఒక తల్లి, తన పాప తల తుడుస్తూ, చేపతో మాట్లాడుతోంది. తల కాస్త ఎత్తితే చెవుల్లో నీళ్లు దిగి మాటలు వినపడ్డాయి.

"ఆవిడెవరండీ, మీకేమవుతారు?"

"మా వదిన."

"ఓ, మీ అన్నయ్యగారి భార్యా?"

చేప నా వైపు చూసింది. నేను లేవబోయి కాళ్లు మునిగి తడబడ్డాను. అది గబగబా వచ్చి చంక కింద చెయ్యి వేసి నిలబెట్టింది. నిలబెట్టి, ఆవిడ వైపు తిరిగి, కొలనంతా వినపడేలా అంది:

"అన్నయ్య సంగతి వేరేనండీ. ఈవిడ మా వదిన."